దండుగ లెక్కలు: ఒక సెటిల్మెంటు, ఒక పొగాకు కార్ఖానా

కిందటి వేసవిలో నా పాత విద్యార్థి ఒకడు ఒక కాగితం పట్టుకుని మా యింటికి వచ్చాడు. ఇంటర్మీడియేటులో నా దగ్గర తెలుగు చదివి, తరవాత యింజనీరింగు పూర్తిచేసి, ఒక కార్ఖానాలో సూపర్వైజరుగా చేరిన కుర్రవాడు. ఆ కార్ఖానా పేరు యిక్కడ అక్కరలేదు. కాగితం మీద ఏడు యింగ్లీషు మాటలు వున్నవి. కార్ఖానాలో జరిగే ఏడు రకాల వృథా అట అవి: అక్కరకు మించి తయారుచెయ్యడం, పని అందక ఎదురుచూడటం, సరుకును అటూయిటూ మొయ్యడం, కావలసినదానికన్న ఎక్కువ పని పెట్టడం, నిలవలు పేరుకోవడం, మనుషులు అనవసరంగా కదలడం, తప్పుసరుకు తయారుకావడం. వీటిని తెలుగు చేసి, పెద్ద బోర్డు రాయించి, కార్మికుల కళ్లెదుట పెడతారట.

"అందరికీ తేలిగ్గా తెలిసే మాటలు చెప్పండి మాస్టారూ," అన్నాడు.

ఈ ఏడు పద్దుల లెక్క జపానులో టయోటా మోటారు కంపెనీలో తయారయింది. రెండో ప్రపంచయుద్ధం తరవాత అక్కడి యంత్రశాలలో తైచి ఓనో అనే యింజనీరు దీన్ని క్రమంగా రూపొందించాడు. వృథాకు వాళ్లభాషలో మాట 'ముద'. 1988లో జాన్ క్రాఫ్సిక్ అనే అమెరికను పరిశోధకుడు ఈ పద్ధతికి 'లీన్' అని పేరుపెట్టాడు. 1990లో వోమాక్, జోన్స్, రూస్ అనే ముగ్గురు రాసిన పుస్తకంతో ఆ పేరు లోకమంతా పాకింది. కొవ్వులేనిది, బక్కపలచనిది అని దాని అర్థం. బక్కచిక్కడమంటే ఏమిటో మన కూలివాడికి కొత్తగా నేర్పనక్కరలేదు గనక, ఆ మాటను తెలుగు చెయ్యవద్దనే చెప్పాను.

వృథా అన్న మాటకోసం వెతుకుతుంటే నాకు 'దండుగ' గుర్తువచ్చింది. పల్లెల్లో ఈనాటికీ వాడుకలో వున్న మాట. డబ్బు దండుగ, పని దండుగ అంటాం. కాని మన నిఘంటువులు చూస్తే దండుగకు మరొక అర్థం వుంది: జరిమానా. తప్పుచేసినవాడు సర్కారుకు కట్టుకునేది దండుగ. ఒకే మాటలో నష్టమూ శిక్షా యిమిడివున్నవి. ఇది భాషాశాస్త్రంలో చిన్న విశేషం మాత్రమే అయితే యింతగా చెప్పకపోదును. ఆ కుర్రవాడి సొంతవూరు స్టూవర్టుపురం. ఆ వూరి చరిత్రలో ఈ రెండర్థాలు ఒకదాని మీద ఒకటి నడిచినవి. క్లాసులో వూరిపేరు అడిగితే "బాపట్ల దగ్గరండి" అని ఆపేసేవాడు. రెండేళ్లు పాఠం చెప్పినా ఆ దగ్గర అంటే ఎక్కడో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

కార్ఖానాలో పని సాఫీగా సాగాలన్న కోరికను కాదనేవాళ్లు ఎవరూ వుండరు. పది అడుగులు నడిచి తెచ్చుకునే పనిముట్టు చేతికందేచోట వుంటే కార్మికుడికీ మేలే. అయితే ఏది పని, ఏది వృథా అని గీత గీసేవాడు ఎక్కడ నిలబడి గీస్తున్నాడన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న. స్టూవర్టుపురం, దాని పక్కనున్న చీరాల పొగాకు కార్ఖానా, ఈ రెండూ కలిసి ఆ ప్రశ్నకు యిచ్చిన జవాబు మన అభ్యుదయ సాహిత్యంలో రావలసినంతగా రాలేదని నా అభిప్రాయం.

ముందు ఎరుకలవారి పాత బ్రతుకుతెరువును గుర్తుచేసుకోవాలి. సోది చెప్పడం, బుట్టలల్లడం, పందుల్ని పెంచడం, మనకు తెలిసిన వృత్తులు యింతే. యక్షగానాల్లో ఎరుకలసానిని చూసి చూసి ఆ జాతికి మరొక పని లేదనుకునే స్థితికి వచ్చాం. శ్రీనివాసుడంతటివాడు ఆకాశరాజు యింట పెళ్లిమాట కదపడానికి ఎరుకలసాని వేషమే కట్టాడని చెప్పుకునే జాతి మనది. ఆ వేషం వెనక వున్న వర్తకం మాత్రం మన కంటికి ఆనలేదు. 1909లో థర్స్టన్ ప్రకటించిన దక్షిణదేశ కులాల సంపుటాల్లో కొరవ, ఎరుకల శాఖల పేర్లు చూడండి. ఉప్పు శాఖ ఒకటి, కరివేపాకు శాఖ ఒకటి. ఏ శాఖ ఏ సరుకు మోసిందో ఆ పేర్లే చెబుతున్నవి. సముద్రతీరాన ఉప్పు కొని, పెరికెల్లో నింపి, ఎడ్ల మీదా గాడిదల మీదా వేసుకుని, బండి పోలేని మెట్టవూళ్లకూ కొండపల్లెలకూ చేరవేసేవారు. తిరుగుదారిలో అక్కడి ధాన్యం దించుకొచ్చేవారు. పోయేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు ధాన్యం. ఒక్క ఎద్దు కూడా ఒట్టి వీపుతో నడవదు. సరుకు నిలవ పెట్టడానికి గిడ్డంగి లేదు. ఏ వూళ్లో ఎంత ఖర్చవుతుందో తెలిసినవాళ్లు గనక అంతే మోసేవారు. ఆ కుర్రవాడి కాగితంలో వున్న ఏడు పద్దుల్లో కనీసం మూడింటిని వాళ్ల ముత్తాతలు ఏ బోర్డూ లేకుండానే సాధించివున్నారు.

ఈ వర్తకాన్ని ఎవరు కూలదోశారు? ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, దాని పన్ను మొదటి దెబ్బ. కొమ్మమూరు కాలవ, బకింగుహాం కాలవ మీద పడవలూ, 19వ శతాబ్దం ముగిసేలోగా తీరం వెంబడి వచ్చిన రైలూ రెండో దెబ్బ. 1882నాటి మద్రాసు అడవుల చట్టం వెదురునూ పశువుల మేతనూ కట్టడి చేసింది. వీటి మధ్య 1876-78 కరువు వచ్చిపడింది. ఈ వరసనంతా సర్కారు దస్త్రాలనుంచి తవ్వితీసి చూపించిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ. ఆమె 'డిజానర్డ్ బై హిస్టరీ' 2001లో వెలువడింది. మన కళాశాల గ్రంథాలయాల్లో తప్పక వుండవలసిన పుస్తకం. వర్తకం పోయిన తరవాత మిగిలింది తిరుగుడు. సరుకుతో తిరిగితే వర్తకుడు, సరుకు లేకుండా తిరిగితే అనుమానితుడు. సామ్రాజ్యవాదం రైలుతో వాళ్ల ఎడ్లను దండుగ చేసి, ఆ తరవాత దండుగమారి మనుషులని వాళ్ల మీద చట్టం తెచ్చింది.

ఉత్తరాదిన 1871నుంచే వున్న నేరస్థజాతుల చట్టం 1911లో మారి మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఈ చట్టం కింద ఒక జాతిని నేరస్థజాతిగా ప్రకటిస్తే అందులో పుట్టినవాళ్ల వేలిముద్రలు తీసుకోవచ్చు, నియమించిన వేళకు హాజరు చెప్పించవచ్చు, వూరు కదలాలంటే అనుమతి చీటీ తీసుకోమనవచ్చు, సెటిల్మెంట్లలో పెట్టవచ్చు, పిల్లల్ని తలిదండ్రులనుంచి వేరుచేసి బడుల్లో వుంచవచ్చు. న్యాయస్థానంలో నేరం రుజువు కానక్కరలేదు.

అదే 1911లో అమెరికాలో ఫ్రెడరిక్ టేలరు 'శాస్త్రీయ యాజమాన్య సూత్రాలు' ప్రకటించాడు. ఈ రెండూ ఒకే ఏట పుట్టడం కాకతాళీయం. కాని పోలిక కాకతాళీయం కాదనుకుంటాను. బెత్లెహాం వుక్కు కర్మాగారంలో 1899లో యినపదిమ్మెలు మోసే కూలీని టేలరు గడియారం పెట్టి నడిపించాడు. రోజుకు 12½ టన్నులు మోసే మనిషి 47½ టన్నులు మోశాడని అతనే రాసుకున్నాడు. కూలి మాత్రం 1 డాలరు 15 సెంట్లనుంచి 1 డాలరు 85 సెంట్లకు పెరిగింది. బరువు దాదాపు నాలుగింతలు, కూలి ఒకటిన్నర రెట్లకు కాస్త పైన. పనివాడి ప్రతి కదలికనూ చూసి, రాసి, కావలసినదాన్ని వుంచి, అక్కరలేనిదాన్ని తీసెయ్యడం టేలరు పద్ధతి. ఒక మనిషి ఏ వేళకు ఎక్కడ వున్నాడో చూసి రాసుకోవడం నేరస్థజాతుల చట్టం పద్ధతి. ఒకటి కార్ఖానా లోపల పుట్టింది, మరొకటి పోలీసుస్టేషనులో. రెండింటికీ కావలసింది హాజరుపట్టీయే.

స్టూవర్టుపురం పుట్టింది 1913-14 ప్రాంతంలో. బాపట్లకూ చీరాలకూ నడుమ, రైలుమార్గం పక్కన రక్షణసైన్యం నెలకొల్పిన సెటిల్మెంటు అది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. తెలుగు వాడుకలో 'సెటిల్మెంటు' అంటే యిప్పుడు రౌడీలు తీర్చే పంచాయితీ. అప్పటి అర్థం వేరు, తిరిగేవాళ్లను ఒకచోట పాతడం. రక్షణసైన్యాన్ని ఈ దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టకర్ అంతకుముందు పంజాబులో సివిలు సర్వీసు వుద్యోగి. కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని మత ప్రచారం చేశాడు. 1908లో గోరఖ్‌పూరులో మొదటి సెటిల్మెంటు నడిపించాడు. పని నేర్పితే నేరబుద్ధి నయమవుతుందని అతని సిద్ధాంతం. ఆ మనిషి చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. కాని నయం చెయ్యడానికి ముందు జబ్బు వుందని ఒప్పుకోవాలి గదా! ఉప్పు మోసినవాడికి పని రాదని తేల్చింది ఎవరు?

1913లోనే అమెరికాలో హెన్రీ ఫోర్డు తన హైలాండ్ పార్క్ కార్ఖానాలో కదిలే పట్టా మీద కార్లు బిగించే పద్ధతి ప్రవేశపెట్టాడు. కారు చట్రం బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది మరుసటి సంవత్సరానికి గంటన్నరకు దిగింది. ఇంత వరకు అందరికీ తెలిసిన కథ. అంతగా ప్రచారంలోకి రాని భాగం మరొకటి వుంది. ఆ పట్టా ముందు నిలబడలేక కార్మికులు పనిమానుకుని పోయారు. 14 వేల వుద్యోగాలు నిండుగా వుంచడానికి ఆ ఏట 52 వేల మందిని చేర్చుకోవలసివచ్చింది. చివరికి 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. ఫోర్డు వుదారతగా పుస్తకాల కెక్కిన ఆ కూలిని పెంచింది, పనిమాని వెళ్లిపోయిన ఆ వేల జతల కాళ్లు.

ఇక్కడ స్టూవర్టుపురానికి రావాలి. పనిమాని వెళ్లిపోయే కాళ్లకు చట్టం సంకెల వేసిన చోట కూలి ఎందుకు పెరుగుతుంది?

పొగాకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పటి యింపీరియల్ టొబాకో కంపెనీ గొడుగు కింద 1912లో గుంటూరు జిల్లాలో యిండియన్ లీఫ్ టొబాకో డెవలప్మెంట్ కంపెనీ ఏర్పడింది. మనవాళ్లు ఐ.ఎల్.టి.డి. అంటారు, చీరాలలో 'కంపెనీ' అంటే చాలు. బెంగుళూరులో 1913లో మొదలయిన సిగరెట్టు కార్ఖానా వంటివాటికి ఆకు సేకరించి, సిద్ధం చేసి పంపడం దాని పని. 1920లనుంచి గుంటూరు నల్లరేగళ్లలో వర్జీనియా ఆకు పెరిగింది. రైతు పచ్చాకును బారన్లో వేడిగాలికి పండించి, బేళ్లు కట్టి కంపెనీకి తోలతాడు. అక్కడ మళ్లీ రంగును బట్టి, నాణ్యాన్ని బట్టి ఆకును విడదియ్యాలి. ఈనె తియ్యాలి. వేడి గదుల్లోంచి నడిపి తేమ తగ్గించాలి, చల్లార్చాలి, మళ్లీ ఆవిరితో కొంత తేమ పట్టించాలి. అప్పుడు గాని అది పెట్టెల్లో ఒత్తడానికి, నెలల తరబడి ముగ్గడానికి పనికిరాదు. ఈ విడదీసే పనీ ఈనె తీసే పనీ ఆడవాళ్ల చేతులమీద నడిచేవి.

ఆకుతో వచ్చిన చిక్కు ఏమిటంటే అది ఆగదు. ఎక్కువ ఆరితే పొడి అవుతుంది, తేమ ఎక్కువయితే బూజు పడుతుంది. రైతు యింట ఆకు కొన్ని నెలల్లోనే దిగుతుంది. ఆ నెలల్లో వేల చేతులు కావాలి. మిగిలిన నెలల్లో అక్కరలేదు. టయోటావాళ్లు పనిని సంవత్సరం పొడుగునా సమంగా పరచడం ఒక సూత్రంగా పెట్టుకున్నారు. ఆకును అలా పరచడం సాధ్యం కాదు. అందువల్ల పరచవలసింది మనుషుల్ని. కావలసిన రోజున కావలసినన్ని చేతులు గేటు దగ్గర వుండాలి, అక్కరలేని రోజున వాళ్ల తిండి ఖర్చు కంపెనీ మీద పడకూడదు.

సరిగ్గా ఈ అవసరానికి సెటిల్మెంటు పనికివచ్చింది. అది మొదట వ్యవసాయ సెటిల్మెంటు. కాని భూమి మీద బతకడం కుదరక అక్కడి స్త్రీపురుషులు చీరాల కార్ఖానాకు కూలికి పోయారు. రక్షణసైన్యం వాళ్లను అదుపులో వుంచింది, సర్కారు సెటిల్మెంటుకు గ్రాంటు యిచ్చింది, కంపెనీకి చేతులు దొరికినవి. ఎరుకల స్త్రీలు తమ పాత వర్తకంనుంచి ఈ కార్ఖానా కూలిలోకి మారిన వైనం మీద మీనా రాధాకృష్ణ 1989లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. బొంబాయి రాజధానిలో కూడా యిదే తంతు: షోలాపూరు సెటిల్మెంటు వాళ్లు నూలుమిల్లుల్లో పనిచేశారు. సీతానగరం, కావలి ప్రాంతాల సెటిల్మెంట్లదీ యిదే కుటుంబం.

ఇప్పుడు ఆ ఏడు పద్దుల కాగితాన్ని మళ్లీ చూడండి. నిలవలు వుండకూడదన్నది అందులో ముఖ్యమైన సూత్రం. నిలవ అంటే చచ్చిన డబ్బు. చీరాల కార్ఖానా లెక్కల్లో మనుషుల నిలవ కనిపించదు. కనిపించకపోవడానికి కారణం, ఆ నిలవ రైలుపట్టాల పక్కన సర్కారు పద్దు కింద వుంది. కార్ఖానాలో ఎదురుచూడటం లేకుండా చెయ్యడమంటే, ఆ ఎదురుచూడటాన్ని గేటు అవతలికి నెట్టడం. అవతల ఎంతమంది, ఎంతసేపు ఎదురుచూశారో గడియారం పట్టుకున్నవాడు రాయడు. నా దృష్టిలో స్టూవర్టుపురం మన జిల్లాలో కట్టిన మొదటి మానవ గిడ్డంగి. ఈ మాట కటువుగా వుందనుకునేవాళ్లు అనుకోవచ్చు.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు లేకపోలేదు. పోలీసులు వెంటబడి తరిమే జాతికి వూరు దొరికింది, బడి దొరికింది, రోజుకూలి దొరికింది గదా అంటారు. నిజమే. ఆ బడుల్లో చదువుకుని పైకి వచ్చిన కుటుంబాలు వున్నవి. కార్ఖానా కూడా చెయ్యదలచుకోని మేలు ఒకటి చేసింది. ఒక కప్పు కింద వేరే కులాల కూలీలతో కలిసి పనిచేసిన ఎరుకల స్త్రీ తనను సెటిల్మెంటు మనిషిగా కాక కార్మికురాలిగా చూసుకోవడం నేర్చుకుంది. నేను చెప్పిన ఆ వ్యాసం పేరు కూడా 'తెగ సమాజంనుంచి కార్మికవర్గ చైతన్యానికి' అనే. పెట్టుబడి తన గోరీ తవ్వేవాళ్లను తానే ఒకచోట చేరుస్తుందన్న సంగతి మన పాఠకులకు మళ్లీ చెప్పనక్కరలేదు.

కాని వూరు దొరికిందనేవాళ్లు ఒక్క పోలిక చూడాలి. 1919లో చీరాల, పేరాలలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచారు. జనం ఒప్పుకోలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన వూరు వూరంతా యిళ్లు వదలి, పొలిమేర దాటి, రామనగరమని గుడిసెల వూరు కట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మనం గర్వంగా చెప్పుకునే ఘట్టం. ఆ పోరాటంలో వాళ్ల ఆయుధం ఏమిటి? వూరు విడిచిపోవడం. అదే సంవత్సరం, రైల్లో ఒకటి రెండు స్టేషన్ల దూరంలో, చీటీ లేకుండా పొలిమేర దాటితే శిక్షపడే మనుషులు వున్నారు. ఒకరికి సత్యాగ్రహమైన పని మరొకరికి నేరం. మన జాతీయోద్యమ చరిత్రకారులు ఈ రెండు వూళ్లనూ ఒకే పేజీలో రాయలేదు. నేను కూడా పదేళ్లుగా పాఠం చెబుతూ చీరాల-పేరాల గురించి మాట్లాడినప్పుడల్లా స్టూవర్టుపురం పేరెత్తలేదని ఒప్పుకోవాలి. ఆ కుర్రవాడు రెండో వరసలో కూచుని విన్నాడు.

పని పద్ధతుల విషయంలో మన వామపక్షం వైఖరి ఎలా వుండాలన్నదానికి లెనిను జీవితంలోనే ఒక పాఠం వుంది. 1913 మార్చిలో ఆయన టేలరు పద్ధతిని చెమట పిండే శాస్త్రమని తూర్పారబట్టాడు. 1914లో అది మనిషిని యంత్రానికి బానిస చేసేదని మళ్లీ రాశాడు. 1918లో, విప్లవం గెలిచి రైళ్లు నడపవలసివచ్చినప్పుడు, అదే పద్ధతిలోని శాస్త్రీయాంశాన్ని నేర్చుకుని వాడుకోవాలన్నాడు. మాట మార్చాడని ఎగతాళి చేసేవాళ్లు వున్నారు. అవసరం ఆయన చేత ఆ మాట చెప్పించింది, దానివల్ల వచ్చిన చిక్కులు తరవాత సోవియట్ కార్మికులే అనుభవించారు. గడియారం ఎవరి చేతిలో వున్నా గడియారమే. అధికారం మారినంతమాత్రాన పట్టా ముందు నిలబడ్డ మనిషి నడుంనొప్పి తగ్గదు. ఈ విషయంలో మన పత్రికలు చాలాకాలం మొహమాటపడ్డవి. పనిదినంలోని సందులు మూసి శ్రమను చిక్కబరచడం గురించి మార్క్సు 1867లో చెప్పింది ఏ జెండా కింద మూసినా వర్తిస్తుంది.

అలాగని ఓనో పద్ధతిని టేలరు గాట కట్టి పారెయ్యడం కూడా నాకు సమ్మతం కాదు. అందులో ఒక విలువైన అంశం వుంది, దాన్ని మనవాళ్లు బోర్డు మీద రాయరు. టయోటా వంశానికి మూలపురుషుడు సకిచి టొయోడా మగ్గాలు చేసినవాడు. 1924లో అతని కంపెనీ తయారుచేసిన మగ్గం పోగు తెగితే తనంతట తాను ఆగిపోయేది. తెగిన పోగుతో నేస్తే గుడ్డ పాడవుతుందని చీరాల నేతగాడికి ఏ జపానువాడూ నేర్పనక్కరలేదు. అతని కాలు దానంతటది ఆగుతుంది. ఈ ఆగడమన్నదాన్నే ఓనో కార్ల పట్టాకు తెచ్చాడు. తప్పు కనిపించిన కార్మికుడు తలపైన వున్న తాడు లాగితే పై మనిషి పరుగెత్తుకొస్తాడు; అప్పటికీ సర్దుబాటు కాకపోతే పట్టా ఆగిపోతుంది. ఎదురుచూడటం వృథా అంటే, ఎదురుచూసే కార్మికుడిది తప్పు అని కాదు దాని అసలు అర్థం. అతనికి పని అందకుండా చేసిన ఏర్పాటుది తప్పు.

ఈ తాడు కూడా ధర్మంగా వచ్చింది కాదు. 1950లో టయోటా దివాలా అంచున నిలబడి మనుషుల్ని తీసెయ్యబోతే పెద్ద సమ్మె జరిగింది. అధ్యక్షుడు కీచిరో టొయోడా రాజీనామా చేశాడు. తొలగింపులు మాత్రం ఆగలేదు. మిగిలినవాళ్లకు దొరికిన వుద్యోగభద్రతా, కంపెనీకి దొరికిన లొంగుబాటూ ఆ రాజీలో పుట్టినవే. తరవాత సంగతి కూడా మరిచిపోరాదు: సతోషి కమత అనే పత్రికా రచయిత 1972లో ఆరునెలలు టయోటాలో తాత్కాలిక కూలీగా చేరి, అక్కడి పని వేగం మనిషిని ఎలా నమిలేస్తుందో పుస్తకం రాశాడు. తాడు వుండీ దాన్ని లాగే గుండె లేకుండా చెయ్యడం ఏ యాజమాన్యానికైనా వచ్చిన విద్యే.

అయినా తాడు వుండటం వేరు, లేకపోవడం వేరు. పని మానుకుని పోగలగడం, పనిని ఆపగలగడం, ఈ రెండు హక్కులూ వున్నచోట పని సాఫీగా సాగేటట్టు చెయ్యడం కార్మికుడికి కూడా లాభిస్తుంది, తన తెలివి దానికి కలుపుతాడు. లేనిచోట ఎంత శాస్త్రీయంగా చేసినా అది హాజరుపట్టీయే. సెటిల్మెంటు మనిషికి ఈ రెండూ లేవు. కాంట్రాక్టు కూలీకి, పేరుకు మొదటిది వుంది. రెండోది వుందేమో తాడు లాగిన మరునాడు అడిగి చూడాలి. 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 గంటలనుంచి 10 గంటలకు పెంచే సవరణకు ఒప్పుకున్నప్పుడు, పెట్టుబడులు వస్తాయన్నారు గాని తాడు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక చట్టం సంగతి. నెల్లూరు జిల్లాలో యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారి కృషి ఫలితంగా మద్రాసు రాజధానిలో నేరస్థజాతుల చట్టం 1947లో రద్దయింది. అనంతశయనం అయ్యంగారు సంఘం నివేదిక తరవాత 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. పోతూ పోతూ తన బిడ్డను వదలి పోయింది: మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది, ఆంధ్రప్రదేశులో 1962లో మరొకటి. జాతికి బదులు మనిషి పేరు రాశారు. రాసిన పోలీసు పుస్తకం అదే. 1970లలో లవణంగారూ, జాషువ కుమార్తె హేమలతా లవణంగారూ ఆ వూళ్లో పని మొదలుపెట్టేనాటికి చట్టం పోయి రెండు దశాబ్దాలు దాటింది, పేరు మాత్రం పోలేదు. ఆ పేరును 1991లో మన సినిమావాళ్లు తెరకెక్కించారు; 2023లో మళ్లీ ఎక్కించారు. తెనాలినుంచి చీరాల పోయే పాసింజరులో స్టూవర్టుపురం బోర్డు కనబడగానే జేబులు తడుముకుని నవ్వుకునే పెద్దమనుషుల్ని నేను చూశాను. ఆ బోగీలో వుప్పు మోసినవాళ్ల మనమడు కూచునివుండవచ్చని వాళ్లకు తోచదు.

కుర్రవాడి కాగితానికి తిరిగివస్తాను. ఆ రోజు సాయంత్రం ఏడు మాటలకూ తెలుగు రాసియిచ్చాను. రెండోదాని దగ్గర యిద్దరం చాలాసేపు ఆగాం. "నిరీక్షణ అంటే బాగుంటుందా మాస్టారూ?" అన్నాడు. అది ప్రార్థనామందిరం మాట, కార్ఖానాలో నప్పదన్నాను. చివరికి 'పని అందక ఆగడం' అని రాశాను. పనికోసం ఆగే మనిషి అందులో వున్నాడు, పని అందించవలసినవాడు కూడా వున్నాడు. వెళ్లేముందు అతను, ఎనిమిదో వృథా కూడా వుందని యీమధ్య కలుపుతున్నారని చెప్పాడు: మనిషి తెలివిని వాడుకోకపోవడం. బోర్డు మీద దానికి చోటు లేదట.

రెండు నెలల తరవాత ఫోనులో బోర్డు ఫోటో పంపాడు. నీలం రంగు మీద తెల్లక్షరాలు. ఆరు మాటలు నేను రాసినట్టే వున్నవి. రెండోది మార్చారు: 'ఖాళీగా నిలబడటం'.

ఎవరు మార్చారని అడిగాను. పైనుంచి అలా వచ్చిందన్నాడు.